పేరు లేని పాప, చాప ఎక్కని మేనత్త

ఆ పిల్లకి పదకొండు నెలలు. నాలుగు పళ్ళు, ఒంటి నిండా చెమటకాయలు, రేవు దాకా వినపడే గొంతు, అన్నీ ఉన్నాయి. లేనిదల్లా పేరొక్కటే.

"ఏడాది నిండబోయే పిల్లకి పేరు లేకపోవడమేమిటి, చోద్యం కాకపోతే!" అని మీరు బుగ్గలు నొక్కుకోవచ్చు. మా నుకుఅలోఫాలో ఎవరూ నొక్కుకోలేదు. టోంగాలో పిల్లకి పేరు పెట్టాల్సింది కన్నవాళ్ళు కాదు, మేనత్త. ఆ మేనత్త పెట్టలేదు. పెట్టకపోతే ఏం చేస్తారు? కూర్చుంటారు. కూర్చుని ఎదురుచూడ్డం మాకు పుట్టుకతో వచ్చిన విద్య.

పిల్ల తండ్రి మనాసె, పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. తల్లి ఫూసి, మొగలాకు చాపలు అల్లుతుంది. ఇక మేనత్త లెసియెలి, మనాసెకి అయిదేళ్ళు పెద్ద. ఊళ్ళో కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఏం పాఠాలంటారా? కుటుంబాల గురించి! మనుషులు ఎందుకు కలిసుంటారు, ఎందుకు కొట్టుకుంటారు, దానికి ఎన్ని సిద్ధాంతాలున్నాయి అన్నీ చెబుతుంది. దీపం కింద చీకటని ఊరికే అన్నారా?

"ఆడబిడ్డ అర్ధమొగుడు" అని సామెత. మా దగ్గర అది తక్కువ లెక్క. ఇక్కడ ఆడబిడ్డ మొగుడికి మొగుడు. తమ్ముడింట్లో పెళ్ళయినా చావయినా బాప్తిస్మమయినా, అందరికంటే ముందు, విడిగా పరిచిన పై చాప మీద మేనత్తే కూర్చోవాలి. వచ్చిన కానుకల్లో మేలైనది ఆవిడకే. కాల్చిన పందిలో వెన్ను ముక్క ఆవిడకే. ఈ హోదాని మేము ఫహు అంటాం. ఫహు మాటకి ఎదురులేదు.

ఇంత హోదా పెట్టుకుని లెసియెలి చేసిన పనేంటో చూడండి. పిల్ల పుట్టినప్పుడు ఆవిడ ఫీజీలో, సువాలో, పెద్ద చదువు చదువుతోంది. అక్కణ్ణుంచి తమ్ముడికి ఒక మెసేజీ కొట్టింది. "బిడ్డకి పేరు పెట్టుకునే హక్కు తల్లిదండ్రులది. నా పెత్తనం మీ నెత్తిన రుద్దను. మీకు నచ్చింది పెట్టుకోండి." కొట్టి, ఎంత మంచి పని చేశానని మురిసిపోయి, టీ తాగి పడుకుంది.

ఇక్కడ మనాసె దాన్ని నాలుగుసార్లు చదివాడు.

"ఏమంటున్నారు వదిన?" అంది ఫూసి, పొత్తిళ్ళలో పిల్లని ఊపుతూ.

"పెట్టనంటోంది."

"ఎందుకట?"

"ఏమో. చదువుకుంది కదా."

అంతే. మళ్ళీ అడగలేదు. మేనత్త ఒకసారి కాదన్నాక రెండోసారి అడగడమంటే, నెత్తిన కొబ్బరికాయ పడిన చోటే మళ్ళీ వెళ్ళి నిలబడడం. రెండు నెలల కిందట లెసియెలి చదువు ముగించుకుని ఇంటికొచ్చింది. అందరూ పిల్లని "పాపా, పాపా" అంటుంటే, ముద్దుపేరు కాబోలు, ఇంకా అసలుది తేల్చుకోలేదు కాబోలు, ఈకాలం తల్లిదండ్రులు అనుకుంది. అడగనూ లేదు.

మరి మనాసె అయినా చెప్పొచ్చుగా? అదే వచ్చిన చిక్కు. మాలో అక్కా తమ్ముళ్ళు వయసొచ్చాక ఒకే కప్పు కింద పడుకోరు, కలిసి సినిమా చూడరు, ఎదురెదురుగా కూర్చుని కబుర్లాడరు. అది మర్యాద. అందుకే అమ్మానాన్నా పోయాక ముందున్న పెద్దిల్లు లెసియెలిది, పెరట్లో రేకుల ఇల్లు మనాసెది. అక్కకి ఏదైనా చెప్పాల్సొస్తే మనాసె పెరట్లో నిలబడి, పందితో చెప్పేవాడు.

"ఒసేయ్ పెద్దదానా, నీళ్ళ ట్యాంకు అడుగంటింది. కాస్త చూసి వాడుకో."

లోపల లెసియెలి కుళాయి కట్టేసేది.

"ఒసేయ్ పెద్దదానా, గాలివాన వస్తోందిట. కిటికీలు వేసుకుంటే మంచిది."

లోపల కిటికీలు దబదబా పడేవి. ఆ పంది ఇరుపక్షాల కబుర్లూ తిని తిని, నడవడానికే బద్ధకించేంత బలిసింది. వచ్చే ఆదివారం పాప బాప్తిస్మం, ఆ విందుకే దాన్ని మేపుతున్నారు. పాపం, దానికేం తెలుసు.

ఆ వారం మంగళవారం లెసియెలి క్లాసులో సిద్ధాంతాలు చెబుతోంది. ముందు వరసలో తెలేసియా కూర్చుంది. పోలీసు స్టేషన్లో హెడ్డు, యాభై దాటాయి, పదోన్నతికి డిగ్రీ కావాలన్నారని కాలేజీలో చేరింది. ఒళ్ళో ఎప్పుడూ వేయించిన వేరుశనక్కాయల పొట్లం.

"కుటుంబం ఒక ఒళ్ళు లాంటిది అంటుంది మొదటి సిద్ధాంతం," అంది లెసియెలి. "చేతికి చేతి పని, కడుపుకి కడుపు పని. ఎవరి పని వాళ్ళు చేస్తే ఒళ్ళు బాగుంటుంది."

"మరి మా ఆయన ఏ అవయవం మేడం?"

"మీరే చెప్పాలి."

"అపెండిక్స్ అనుకుంటా. నొప్పెడితే తప్ప ఉన్నట్టే తెలీదు."

క్లాసంతా గొల్లుమంది. లెసియెలి నవ్వాపుకుని రెండోదానికి వెళ్ళింది. "రెండోది ఇచ్చిపుచ్చుకోవడం. పెట్టినదానికంటే వచ్చేది ఎక్కువున్నంత కాలమే మనిషి బంధంలో ఉంటాడు."

"ఆ లెక్కన టోంగాలో ఈపాటికి అందరం విడిపోయుండాలి," అంది తెలేసియా, కాయ ఒలుస్తూ.

మూడోది, ఒక వస్తువుకో పనికో మనుషులు కలిసి ఏ అర్థం ఇచ్చుకుంటే అదే దాని అర్థం అనేది. ఉంగరం ఉత్త లోహం, వేలికి తొడిగితే పెళ్ళి. లెసియెలి దాన్ని అయిదు నిమిషాల్లో తేల్చేసింది. "ఇది పరీక్షలో రెండు మార్కులకి మించి రాదు, బుర్ర బద్దలు కొట్టుకోకండి" అంది. అందరూ సంతోషంగా కొట్టేశారు.

ఇక నాలుగోది, సంఘర్షణ సిద్ధాంతం. ఆవిడకి ప్రాణం. సుద్దముక్క విరిగేలా బోర్డు మీద గీత గీసింది. "ప్రతి ఇంట్లో పైన ఒకరుంటారు, కింద ఒకరుంటారు. కిందవాళ్ళు పెడతారు, పైవాళ్ళు తింటారు. తిన్నవాళ్ళు దానికి ఆచారమని పేరు పెడతారు."

తెలేసియా చెయ్యెత్తింది. "మేడం, ఈ ఆదివారం మీ తమ్ముడి పాప బాప్తిస్మం కదా. పై చాప మీద కూర్చుని వెన్ను ముక్క తినేది ఎవరు?"

ఇరవై జతల కళ్ళు లెసియెలి మీదికి తిరిగాయి. ఆవిడ మొహం జేవురించింది. పౌరుషం పొడుచుకొచ్చింది.

"నేను మాత్రం కూర్చోను," అంది. "చాప ఎక్కను, కానుక ముట్టను. అందరితో పాటు వెనక వరసలో కూర్చుంటాను. చెప్పేదొకటి, చేసేదొకటి నా వల్ల కాదు."

చప్పట్లు కొడతారనుకుంది. ఒక్కరూ కొట్టలేదు. తెలేసియా నోటి దాకా తెచ్చిన వేరుశనగ గింజని మెల్లిగా పొట్లంలో వేసేసింది.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మా దీవి ఎంతుందని? లెసియెలి ఇంటికి చేరేలోపు ఆ మాట మార్కెట్లో కూరగాయలవాళ్ళనీ, చర్చిలో పాటలవాళ్ళనీ పలకరించి, ఆవిడ పెరట్లోకి ముందే వచ్చి కూర్చుంది. రోజూ సాయంత్రం వినపడే చాప అల్లే చప్పుడు లేదు. మనాసె పందిదొడ్డి కంచె మీద చేతులానించి నిలబడ్డాడు.

"ఒసేయ్ పెద్దదానా," అన్నాడు గట్టిగా, "నీకు ఆయుష్షు గట్టిది. ఆదివారం విందు లేదు. పేరు పెట్టే మేనత్త లేదు, పై చాప ఖాళీ. పాస్టరుగారు నీళ్ళ గిన్నె పట్టుకుని బిడ్డ పేరేమిటి అంటే ఏం చెప్పను? ఏడాదిగా పాప, ఇప్పుడూ పాపే అని చెప్పనా?"

లోపల లెసియెలి చేతిలో సంచీ జారింది. ఏడాదిగా? అంటే పేరే పెట్టలేదా?

"బిడ్డని కాదనుకున్న ఇంట్లో బిడ్డనెలా పెంచుతాను?" మనాసె గొంతు ఇంకా పెరిగింది. "సోమవారం ఓడకి మా అత్తారి ఊరు, నియువా దీవికి వెళ్ళిపోతాం. మళ్ళీ రాం. నువ్వు మాత్రం ఇక్కడే ఉండు. ఇంత పెద్దింటికి ఎవరో ఒకరు తోడుండాలిగా." ముక్కు చీది వెళ్ళిపోయాడు.

లెసియెలికి ముందు కోపమొచ్చింది. బెదిరిస్తున్నాడా? హక్కు మీదే అని తనే స్వయంగా రాసిచ్చిందే! వద్దన్న పెత్తనాన్ని పట్టుకొచ్చి నెత్తినెక్కించుకోమంటే ఎలా? ఆ కోపంతోనే ఒక రాత్రి గడిచింది. రెండో రోజు నుంచి భయం మొదలైంది. ఉన్నది ఒక్క తమ్ముడు. వాడు పందితో చెప్పే నాలుగు మాటలే ఆవిడకి ఇంట్లో మనిషి గొంతు. సోమవారం నుంచి అదీ ఉండదు. ఏం చెయ్యాలో తోచలేదు. పుస్తకాలన్నీ తిరగేసింది. వాటిల్లో పంది గురించి లేదు.

శనివారం పొద్దున ఫూసి వచ్చింది. చంకలో పిల్ల, వెనకాల ఒక బక్కపల్చటి ముసలావిడ. ఫూసి తల్లి, అకనేసి. మనవరాలి బాప్తిస్మానికని మూడు రోజులు ఓడలో వాంతులు చేసుకుంటూ వచ్చింది. రమ్మన్నా లోపలికి రాలేదు, గడప బయటే కూర్చుంది. మొగలాకు కోసుకుని కోసుకుని ఆవిడ వేళ్ళన్నీ తెల్లటి గీతలే.

"వదినా, ఒక మాట అడుగుతా, కోప్పడకండి," అంది ఫూసి. "నేను చేసిన తప్పేంటి?"

"నువ్వా? నువ్వేం తప్పు చేశావు?"

"అదే నేనూ అడుగుతున్నా."

"పిచ్చిదానా, ఇదంతా నీ కోసమే!" లెసియెలి పాఠం మొదలెట్టింది. "నువ్వు ఏడాదిన్నర పాటు నడుం విరిగేలా అల్లిన చాపని నేను ఊరికే చంకనెట్టుకుపోవడం అన్యాయం కాదూ? నీ మీద నాకు పెత్తనమేంటి?"

"అన్యాయమని నేనెప్పుడైనా అన్నానా?"

"అనవు. కింద ఉన్నవాళ్ళకి ఆ సంగతి తెలీదు. పుస్తకాల్లో..."

"ఆ పుస్తకం రాసినాయనకి మేనత్త ఉందా?"

లెసియెలి అలమరలో పుస్తకాల వైపు చూసింది. నిజంగానే తెలీదు మరి.

ఫూసి పిల్లని కింద దింపి, చీరేసినట్టు మాట్లాడ్డం మొదలెట్టింది. ఇన్నాళ్ళూ నోరెత్తని మనిషి! "పెత్తనం వదిలేస్తే గాల్లో కలిసిపోతుందనుకున్నారా? మీరు వదిలిందంతా మీ తమ్ముడికి పోతుంది. రేపు పిల్లకి నచ్చనివాణ్ణి కడతానంటే, చదువు మానెయ్యమంటే, ఆయన్ని ఆపేదెవరు? నేనా? నేను చెబితే వింటారా? మేనత్త చెబితే కిక్కురుమనకుండా వింటారు. పందితో మాట్లాడే మనిషి చేతికి నా కూతుర్ని పూర్తిగా అప్పగించేసి, నాకేదో మేలు చేశానంటున్నారు మీరు!"

"ఫూసీ..."

"పిల్ల కడుపున పడ్డ నెల నుంచి అల్లాను ఆ చాపని. వదిన దీని మీద కూర్చుని నా పిల్లని ఒళ్ళో పెట్టుకుంటుంది, ఈ పిల్ల వెనక ఎవరున్నారో అప్పుడు ఊరందరికీ తెలుస్తుంది అని ప్రతి వరసకీ అనుకున్నా. ఇప్పుడు మీరు వెనక వరసలో కూర్చుంటారా? కూర్చోండి. ఊరు ఏమనుకుంటుందో తెలుసా? మేనత్త పిల్లని వద్దనుకుంది అని."

గడప దగ్గర ముసలావిడ గొంతు సవరించుకుంది.

"అమ్మా, నా మూలానే కదా?" అంది అకనేసి. "మేం చేపలు పట్టుకు బతికేవాళ్ళం. మీ నాన్నగారిది పెద్ద వంశం. మా కడుపున పుట్టిన పిల్లకి మీ వాళ్ళ పేరివ్వడానికి మీకు మనసొప్పలేదు. తప్పు లేదమ్మా. నేను రేపు చర్చికి రాను, ఎవరి కంటా పడను. సోమవారం ఓడకి నేనొక్కదాన్నే వెళ్ళిపోతా. పిల్లల్ని పంపెయ్యకండి. దానికి ఒక పేరిచ్చెయ్యండి."

చెప్పి, ఆ గీతల చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని తల దించుకుంది.

లెసియెలికి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. తను మెసేజీలో ఇచ్చానన్నది హక్కు. వీళ్ళకి అందింది చీత్కారం. ఏడాది పాటు, రోజూ, ఈ ముసలావిడ ఎక్కడో దీవిలో కూర్చుని తన పుట్టుకనే తప్పు పట్టుకుంటూ చాపకి ఆకులు చీల్చి పంపింది. ఒక పనికి మనుషులు ఏ అర్థం ఇచ్చుకుంటే అదే దాని అర్థం. ఆ ముక్కకి రెండు మార్కులు వేసింది తనే! ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోలేదు కూడా, భోరుమంది. అది చూసి పిల్ల ఏడ్చింది, పిల్లని చూసి ఫూసి ఏడ్చింది.

కాసేపటికి లెసియెలి కళ్ళు తుడుచుకుని లేచి కిటికీ దగ్గరికెళ్ళింది. పెరట్లో మనాసె దొడ్డి కంచె బాగుచేస్తున్నట్టు నటిస్తున్నాడు. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. లెసియెలి పక్కనే ఉన్న ఫూసితో, వీధి చివరిదాకా వినపడేలా అంది.

"ఫూసీ! ఆ పెద్దదానికి ఆయుష్షు గట్టిదని ఎవరో అన్నారట. అంత గట్టిదేం కాదని చెప్పు!"

పెరట్లో సుత్తి చప్పుడు ఆగింది. ఆ తరవాత సానరాయి మీద కత్తి నూరుతున్న చప్పుడు వినిపించింది.

"పిన్నిగారూ," అంది లెసియెలి గడప దాకా వచ్చి. "మీరు రేపు చర్చికి రావాలి. మీరు రాకపోతే నేనూ రాను."

ఆదివారం చర్చి కిక్కిరిసింది. అందరూ మా మర్యాద ప్రకారం నడుముకి చాపలు చుట్టుకుని, చెమటలు కక్కుతూ, విసనకర్రలు ఊపుకుంటూ కూర్చున్నారు. మేనత్త చాప ఎక్కుతుందా లేదా చూద్దామని పక్క వీధి చర్చి వాళ్ళు కూడా వచ్చారు. దేవుడు క్షమించాలి. లెసియెలి తిన్నగా వచ్చి మొదటి వరసలో కూర్చుంది. తెలేసియా వేరుశనక్కాయల పొట్లం విప్పింది.

పాస్టరుగారు పిల్లని చేతుల్లోకి తీసుకున్నాడు. "ఈ బిడ్డ పేరు?"

మనాసె తన చెప్పులు చూసుకున్నాడు. ఫూసి కళ్ళు మూసుకుంది. ఊరంతటికీ జవాబు తెలుసు. మలియేత. మనాసె నాన్నమ్మ పేరు, పెద్ద వంశం పేరు. ముసలమ్మలు అప్పటికే తలలూపడం మొదలెట్టారు.

లెసియెలి లేచింది. "అకనేసి."

ఊపుతున్న తలలు ఆగిపోయాయి.

"ఎవరి పేరమ్మా అది?" అన్నాడు పాస్టరుగారు.

"మా ఫూసి వాళ్ళమ్మగారి పేరు. అదిగో, తలుపు దగ్గర కూర్చున్నారు."

చర్చి మొత్తం తలుపు వైపు తిరిగింది. ముసలావిడ ఆ చూపులకి తట్టుకోలేక విసనకర్ర మొహానికి అడ్డం పెట్టుకుంది. రెండో వరసలోంచి లెసియెలి బాబాయి దిగ్గున లేచాడు.

"అదేం పేరు? తల్లి వైపు పేరు పెడతారా ఎక్కడైనా? మన వంశంలో పేర్లకి కరువొచ్చిందా?"

లెసియెలి ఆయన వైపు తిరిగింది. ఇంతకాలం తనకి అక్కర్లేదనుకున్న హోదా మొత్తం నిటారుగా నిలబడ్డ వెన్నులోకి వచ్చింది. "బాబాయ్, ఈ పిల్లకి ఫహు ఎవరు?"

"నువ్వే అనుకో. అయినా..."

"అయితే కూర్చోండి."

బాబాయి కూర్చున్నాడు. కూర్చోక ఏం చేస్తాడు? వెనక నుంచి తెలేసియా "భేష్!" అని అరిచిన అరుపుకి చూరులో పక్షులు లేచిపోయాయి. పాస్టరుగారు నవ్వుకుంటూ గిన్నెలో చెయ్యి ముంచాడు. నెత్తిన నీళ్ళు పడగానే చిన్న అకనేసి ఏడుపందుకుంది. తలుపు దగ్గర విసనకర్ర వెనకాల పెద్ద అకనేసి ఏడుపు ఎవరికీ వినపడలేదు.

ఆ మధ్యాహ్నం పెరట్లో విందు. గుంతపొయ్యిలోంచి తీసిన చామదుంపలు, ఆకుల్లో కట్టి కొబ్బరిపాలల్లో ఉడికించిన మాంసం, మధ్యలో పెద్దది, నోట్లో బొప్పాయికాయతో. ఫూసి ఏడాదిన్నర అల్లిన చాప తెచ్చి పరిచింది. గుడ్డలాగా మెత్తగా జారింది. లెసియెలి దాని మీద కూర్చుంది. వెన్ను ముక్క తెచ్చి ముందు పెట్టారు. ఇరుపక్షాల రాయబారి ఇలా ఆకులోకొచ్చినందుకు ఒక్క క్షణం బాధపడి, రెండుసార్లు వడ్డించుకు తింది.

"పిన్నిగారూ, ఇలా రండి, నా పక్కన కూర్చోండి."

"అయ్యో, పై చాప మీదా? నేనా? వద్దమ్మా, తప్పు!"

"ఫహు మాట కాదంటారా?"

అకనేసి వచ్చి చాప అంచున, కూర్చున్నట్టూ కూర్చోనట్టూ కూర్చుంది. తన కూతురి అల్లిక మీద చెయ్యేసి, ఒక వరస వదులుగా ఉందని గొణుక్కుంది.

జనం సద్దుమణిగాక మనాసె పందిదొడ్డి దగ్గరికెళ్ళాడు. అలవాటుగా కంచె మీద చేతులానించాడు. "ఒసేయ్..." అని ఆగిపోయాడు. దొడ్డి ఖాళీ. అక్కకి చెప్పాల్సినవి గుండె నిండా ఉన్నాయి, చెప్పడానికి ఎవరూ లేరు. కాసేపు సీమపనస చెట్టు వైపు చూశాడు, మనసొప్పలేదు. చివరికి వచ్చి చాపకి కాస్త ఎడంగా, అక్కకి వీపు పెట్టి కూర్చున్నాడు. పిల్ల పాక్కుంటూ వాడి మోకాలి దగ్గరికొచ్చింది.

"అకనేసీ," అన్నాడు. ఆ పేరు వాడి నోట రావడం అదే మొదలు. "అకనేసీ, మీ అత్తకి చెప్పు. రేపటి ఓడ తప్పిపోయిందట, మేం వెళ్ళడం లేదు."

లెసియెలి కూడా వాడి వైపు చూడలేదు. "అకనేసీ, మీ నాన్నకి చెప్పు. ఏడాది ఆలస్యం చేసింది, మీ అత్త అంత చదువుకున్న మొద్దు ఇంకోటి లేదని."

మనాసె వీపు కదిలింది. నవ్వో ఏడుపో వెనక నుంచి తెలీలేదు.

"అది మీ నాన్నకి చిన్నప్పటి నుంచీ తెలుసని చెప్పు."

పిల్ల ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఇద్దరూ తననే పిలుస్తున్నారని అర్థమై, నాలుగు పళ్ళూ బయటపెట్టి, మేనత్త ఒళ్ళోకి పాక్కుంటూ వెళ్ళింది.